మార్స్ మీద నెత్తి బల్లపరుపుగా ఉన్న ఆ కొండలు ఎలా వచ్చాయంటే

తమ్ముడూ, నువ్వు పెట్టిన రెండు ఫొటోలూ చూశా. ఒకటి ఆర్బిటర్ (గ్రహం చుట్టూ తిరిగే నౌక) పైనుంచి తీసింది, డ్యూటెరోనైలస్ మెన్సే ఏరియా, నువ్వు ఎర్ర రంగుతో మూడు చోట్ల సున్నాలు చుట్టావు. రెండోది నాసా రోవర్ క్యూరియాసిటీ నేల మీద నుంచి తీసిన మర్రే బ్యూట్స్. నీ డౌట్ ఏంటంటే, మేస్త్రీ మట్టం పెట్టి చూసినట్టు పైన అంత చదునుగా, పక్కలు కత్తితో కోసినట్టు నిటారుగా ఎలా ఉంటాయి, కింద నుంచి లావా తోస్తే లేచాయా, మెన్సా అంటే అదో రకం అగ్నిపర్వతమా అని. మీ ఫ్రెండేమో మార్స్ గాలికి అంత సీన్ లేదు, ఇది ఎవరో కావాలని కోసిందే అంటున్నాడు. నేను జియాలజీ వాణ్ణి, మొదట్లో కడప బేసిన్‌లో ఎండలో తిరిగి మ్యాపింగ్ చేశా, తర్వాత పన్నెండేళ్ళుగా మార్స్ ఇమేజ్‌ల మీద మ్యాపులు గీయడమే పని, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, టీ తాగుతూ చదువుకో.

ముందు ఒక సీన్ చెప్తా. ఊళ్ళో చెరువు మట్టి తీసే పని జరిగేటప్పుడు చూసే ఉంటావు, చుట్టూ అంతా తవ్వేసి మధ్యలో అక్కడక్కడా ఒక్కో మట్టి దిమ్మ మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తారు, ఎంత లోతు తవ్వారో తర్వాత కొలత వేసుకోవడానికి. ఆ దిమ్మ పైన గడ్డి కూడా అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు చూస్తే ఎవరో ఇక్కడ మట్టి స్తంభాలు కట్టారేంటి అనుకుంటాడు, కానీ ఎవరూ ఏమీ కట్టలేదు, దాని నెత్తి అంటే పాత నేల, అంతే. నువ్వు పెట్టిన ఫొటోల్లో ఉన్నవి కూడా దాదాపు ఇవే. అవి పైకి లేవలేదు, చుట్టుపక్కల నేల దిగిపోయింది. పైన చదునుగా ఎందుకుందంటే ఒకప్పుడు ఆ నేలంతా ఆ ఎత్తులోనే చదునుగా ఉండేది కాబట్టి. మనం అడగాల్సిన ప్రశ్న ఇది ఎలా లేచింది అని కాదు, ఇంత మట్టీ రాయీ ఎక్కడికి పోయింది, పోయేటప్పుడు ఈ ముక్క మాత్రం ఎందుకు ఆగింది అని.

పేరు సంగతి. మెన్సా అంటే లాటిన్‌లో బల్ల. మనం నేల బల్లపరుపుగా ఉంది అంటాం కదా, అచ్చం అదే మాట, వాళ్ళకీ మనకీ బల్లే గుర్తొచ్చింది. ఒకటైతే మెన్సా, ఎక్కువైతే మెన్సే. గ్రహాల మీద పేర్లు పెట్టేది ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ యూనియన్, వాళ్ళు ఈ మాటని వాడేది ఆకారం చూసి మాత్రమే: పైన చదును, అంచులు కొండచరియల్లా నిటారు. అది ఎలా పుట్టిందో ఆ పేరు ఏమీ చెప్పదు, కావాలనే అలా పెట్టారు, ఎందుకంటే ఫొటో చూసి పేరు పెట్టే రోజుకి అసలు కారణం ఎవరికీ తెలిసి ఉండదు, రేపు కారణం మారితే పేరు మార్చలేం. కాబట్టి మెన్సా అని కనపడగానే అగ్నిపర్వతం అనుకోవద్దు. ఇంకా పెద్దగా, దేశమంత విశాలంగా ఉంటే ప్లానమ్ అంటారు, వీనస్ మీద ఉన్న లక్ష్మీ ప్లానమ్ అలాంటిదే, అవును మన లక్ష్మీదేవి పేరే. (ఆకాశంలో మెన్సా అని ఒక నక్షత్ర మండలం కూడా ఉంది, కేప్ టౌన్ దగ్గరి టేబుల్ మౌంటెన్ పేరు మీద లకాయ్ అనే ఫ్రెంచి ఆయన పెట్టాడు, దక్షిణ ధ్రువం వైపు ఉంటుంది, మన ఊళ్ళ నుంచి దాదాపు కనపడదు. గూగుల్ చేస్తే అది కూడా వస్తుంది, కన్ఫ్యూజ్ అవ్వకు.)

సరే, ఆ ముక్క ఎందుకు ఆగిందంటే ఎక్కువసార్లు నెత్తిన టోపీ ఉండడం వల్ల. గట్టి రాయి పొర పైన, మెత్తటి పొర కింద. వాన పడ్డాక ఇంటి చూరు కింద ఎర్రమట్టిలో చూడు, చినుకులు పడీ పడీ మట్టి కొట్టుకుపోతుంది కానీ చిన్న చిన్న గులకరాళ్ళు ఒక్కోటీ తన కింద మట్టిని కాపాడుకుని చిన్న స్తంభం మీద నిలబడి ఉంటాయి. అదే కథ పెద్ద సైజులో. పక్క నుంచి మెత్తటి పొర తినేస్తుంటే పై రాయి కింద ఆధారం పోయి, చీలిక ఉన్నచోట పట్టు తప్పి పెద్ద బండగా విరిగి పడుతుంది, మళ్ళీ నిటారు గోడే మిగులుతుంది. అందుకే ఈ రకం కొండ అరిగేది వెడల్పులో, ఎత్తు చివరి దాకా అలాగే ఉంటుంది. వెడల్పు ఎక్కువ ఉన్నప్పుడు మెసా అంటారు, అరిగి అరిగి ఎత్తు కన్నా సన్నబడితే బ్యూట్, ఆ తర్వాత ఒట్టి స్తంభం, ఆ తర్వాత టోపీ జారిపోయిన రోజు కుప్పకూలి రాళ్ళ గుట్ట. ఎక్కడో అమెరికాలో మాన్యుమెంట్ వ్యాలీయే చూడక్కర్లేదు, తిరుపతిలో నిలబడి తల ఎత్తి చూడు, తిరుమల కొండ అంచున ఆ నిటారు ఎర్ర గోడ క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి), దాని కింద వాలుగా ఉన్నది గ్రానైట్. గండికోటలో పెన్న కోసిన గోడలు కూడా క్వార్ట్‌జైటే, పొర మీద పొర పలకల్లా పేర్చినట్టు, పైన కోట కట్టుకునేంత చదును. వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తే డెక్కన్ బసాల్ట్ (పాత లావా రాయి) పైన లేటరైట్ అనే ఎర్రరాయి టోపీ. టోపీ రాయి మారుతుంది, లెక్క మాత్రం మారదు.

ఇప్పుడు నీ రెండో ఫొటో. క్యూరియాసిటీ గేల్ క్రేటర్‌లో దిగింది 2012 ఆగస్టులో, మర్రే బ్యూట్స్ మధ్యలోకి వెళ్ళింది 2016 ఆగస్టు, సెప్టెంబర్‌లలో. పేరు బ్రూస్ మర్రే అనే ఆయనది, ఒకప్పుడు నాసా వాళ్ళ జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ డైరెక్టర్. ఫొటోలో పర్వతాల్లా అనిపిస్తాయి కానీ అవి సుమారు 15 మీటర్ల ఎత్తే, అంటే నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. ఫొటో జూమ్ చేసి గోడ వైపు చూడు. అడుగున సన్నటి పొరలు, పుస్తకం పేజీల్లా అడ్డంగా, అది మడ్‌స్టోన్, ఒకప్పటి సరస్సు అడుగు బురద. దాని పైన ఉన్న రాతిలో గీతలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా, ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ వెళ్తాయి చూడు, అది ఇసుక దిబ్బల గుర్తు, గాలి ఇసుకని ఒక పక్క నుంచి ఎత్తి ఇంకో పక్క జార్చినప్పుడు పడే గీతలు. అంటే సరస్సు ఎండింది, ఆ బురద గట్టిపడి కొంత అరిగింది, దాని మీద ఎడారి ఇసుక వచ్చి పడింది, తర్వాత ఎప్పుడో భూగర్భ జలం లాంటిది ఊరి ఆ ఇసుకని సిమెంట్ పట్టినట్టు బిగించింది, ఆ బిగుసుకున్న ఇసుకే ఇప్పుడు టోపీ. దీనికి స్టిమ్సన్ ఫార్మేషన్ అని పేరు. నాకు ఈ ఫొటోలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, గాలి మోసుకొచ్చిన ఇసుక గట్టిపడి, మళ్ళీ గాలి నుంచే కింద బురదరాయిని కాపాడుతోంది.

ఆ టోపీ ఎంత గట్టిదో రోవర్‌కి బాగా తెలిసొచ్చింది. అదే స్టిమ్సన్ రాయి ఇంకో చోట గ్రీన్‌హ్యూ పెడిమెంట్ అని విశాలమైన అరుగులా ఉంది, 2020 మార్చిలో దాని అంచు ఎక్కేటప్పుడు రోవర్ 31 డిగ్రీలు ఒరిగింది, అప్పటిదాకా అంత ఒరగలేదు. 2022లో మళ్ళీ దాని మీదకి వెళ్తే పైన రాళ్ళు గాలికి చెక్కుకుపోయి మొసలి వీపులా పదునుగా లేచి ఉన్నాయి, వాటి మీద నడిపితే చక్రాలు పోతాయని వెనక్కి తిప్పేశారు. దూరం నుంచి చూస్తే బల్లపరుపు, దగ్గరకెళ్తే మొసలి వీపు. చదును అనేది ఎంత దూరం నుంచి చూస్తున్నాం అన్నదాని మీద కూడా ఉంటుంది.

ఇక్కడే మీ ఫ్రెండ్ ప్రశ్నకి వస్తా, గాలికి అంత సీన్ ఉందా అని. ప్రశ్న మంచిదే, కొట్టిపారేయకు. మార్స్ గాలి పీడనం మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, కాబట్టి ఏదైనా ఒక రోజున అది చేసే పని ఏమీ ఉండదు. కానీ అక్కడ వాన లేదు, చెట్లు లేవు, సముద్రం లేదు, పాత దాన్ని చెరిపేసి కొత్తది రాసేవి ఏవీ పెద్దగా లేవు, గాలి ఒక్కటే వందల కోట్ల ఏళ్ళుగా డ్యూటీలో ఉంది, సెలవు లేదు. అయినా అన్నీ గాలి పనే అనుకుంటే కూడా తప్పే, నీ మొదటి ఫొటోనే దానికి సాక్ష్యం.

డ్యూటెరోనైలస్, ప్రోటోనైలస్, నైలోసిర్టిస్ అని మూడు మెన్సేలు వరసగా ఉంటాయి, ఉత్తరార్ధంలో 40 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల. మార్స్‌కి దక్షిణం వైపు ఎత్తు నేల, ఉత్తరం వైపు కొన్ని కిలోమీటర్లు దిగువన పల్లం, ఆ రెండూ కలిసే గట్టు మీద ఇవి ఉన్నాయి, గట్టు ముక్కలు ముక్కలుగా విరిగి పల్లంలోకి దీవుల్లా చెదిరినట్టు. రాబర్ట్ షార్ప్ అనే ఆయన 1973లో మారినర్ 9 అనే నౌక పంపిన ఫొటోలు చూసి దీనికి ఫ్రెటెడ్ టెరైన్ అని పేరు పెట్టాడు (క్యూరియాసిటీ ఎక్కుతున్న మౌంట్ షార్ప్ ఆయన పేరే). ఇక్కడ నువ్వు కొండ నెత్తి చూడడం మానేసి పాదాలు చూడాలి. ప్రతి కొండ చుట్టూ చీర కుచ్చిళ్ళు పరిచినట్టు ఒక వాలు ఉంటుంది, గోడ దగ్గర మొదలై చాలా కిలోమీటర్లు పాకి, చివర ఉబ్బిన పెదవిలా ఆగిపోతుంది. ఒట్టి రాళ్ళు దొర్లితే అంత దూరం పాకవు, అలా ఉబ్బి ఆగవు. 1970లలో వెళ్ళిన వైకింగ్ నౌకల కాలం నుంచే ఇందులో మంచు కలిసి ఉందని వాదన, కానీ ఎంత మంచు అన్నది తేలలేదు. మార్స్ రికన్నయిసెన్స్ ఆర్బిటర్‌లో షరాడ్ అని రాడార్ ఉంది, దాని సిగ్నల్ ఈ వాలు లోపలికి వెళ్ళి అడుగు తాకి శుభ్రంగా తిరిగొచ్చింది, రాళ్ళగుట్ట అయితే అలా రాదు. 2008, 2009లలో వచ్చిన పేపర్లతో తేలిందేంటంటే ఆ వాలు అంతా దాదాపు మంచే, వందల మీటర్ల మందం, పైన కొన్ని మీటర్ల రాళ్ళూ మట్టీ దుప్పటిలా. అంటే అవి హిమానీనదాలు, దుప్పటి కప్పుకుని పడుకున్నాయి, ఆ దుప్పటి లేకపోతే ఆ పల్చటి గాలిలో మంచు ఎప్పుడో ఆవిరైపోయేది. అందుకే రేపు మనుషులు వెళ్తే నీళ్ళ కోసం ఈ ఏరియా మీద అందరికీ కన్ను. ఆ కొండల మధ్య నేలని మొదట్లో ముక్కలు చేసింది ఏది, నీళ్ళా, మంచా, నేల బిగుతుకి పగిలిన బీటలా అంటే ఇంకా కొట్టుకుంటున్నారు, నా ఓటు బీటలతో మొదలై మంచుతో పెద్దదయింది అనే వాళ్ళకి, కానీ అది నా ఓటు మాత్రమే.

మార్స్ మీదే జెజెరో క్రేటర్‌లో కొడియాక్ అని ఒక బల్లకొండ ఉంది, అది చిన్నదే కానీ చాలా పనికొచ్చింది. పర్సివరెన్స్ అనే ఇంకో రోవర్ 2021 ఫిబ్రవరిలో దిగాక రెండు కిలోమీటర్ల పైన దూరం నుంచి దాన్ని జూమ్‌లో తీసింది. డెల్టా నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడ్డ ముక్క. దాని పక్క గోడ మీద కింద అడ్డంగా, మధ్యలో ఏటవాలుగా, పైన మళ్ళీ అడ్డంగా పొరలు ఉన్నాయి, నది వచ్చి నిలువ నీటిలో కలిసే చోట పడే వరస అది. అంతకుముందు పైనుంచి చూసి డెల్టా అనుకున్నదాన్ని ఈ ముక్క గోడ చూసి ఖాయం చేసుకున్నారు. కొండ అరిగితేనే కదా లోపల పొరలు కనిపించేది, అరగకుండా ఉంటే మనకి నెత్తి తప్ప ఏమీ కనపడేది కాదు.

అన్నిటికీ టోపీ లెక్క సరిపోతుందని మాత్రం అనుకోకు. మార్స్ మీద పెద్ద లోయ వాలెస్ మారినెరిస్ పక్కన హెబెస్ కాస్మా అని ఒక గొయ్యి ఉంది, 315 కిలోమీటర్ల పొడవు, దాదాపు 8 కిలోమీటర్ల లోతు, నాలుగు వైపులా మూసుకుని ఉంటుంది, నీళ్ళు బయటికి పోయే దారి కూడా లేదు. దాని మధ్యలో హెబెస్ మెన్సా, లేచి లేచి చుట్టూ ఉన్న నేల ఎత్తు దాకా వచ్చేస్తుంది. చూడగానే చెరువులో దిమ్మ అనే అనిపిస్తుంది, కానీ దాని పొరలు గొయ్యి గోడల పొరల్లాంటివి కావు, ఇందులో సల్ఫేట్ ఉప్పులు ఉన్నాయి. కాబట్టి ఎక్కువమంది చెప్పేదేంటంటే ముందు గొయ్యి పడింది, తర్వాత అందులో ఏదో నిండింది, ఆ నిండింది మళ్ళీ అరిగి ఇంత మిగిలింది. ఏం నిండింది అంటే సరస్సు మడ్డి అని ఒకరు, అగ్నిపర్వతాల బూడిద అని ఒకరు, దుమ్మూ మంచూ కలిసి అని ఇంకొకరు. ఆ కాన్ఫరెన్స్ సెషన్లలో కూర్చుంటే మన అసెంబ్లీ చూసినట్టే ఉంటుంది.

నిజంగా లేచినవి కూడా ఉన్నాయి, అందుకే "దాదాపు" అన్నా మొదట్లో. మందపాటి మంచు కింద అగ్నిపర్వతం పేలితే లావా కరిగిన నీళ్ళలోనే చల్లబడుతూ కుప్ప పడుతుంది, ఆ కుప్ప మంచు పైదాకా వచ్చాక లావా చదునుగా పరుచుకుంటుంది, తర్వాత మంచు పోతే బల్లకొండ మిగులుతుంది. దీన్ని టూయా అంటారు, కెనడాలో ఉన్న టూయా బ్యూట్‌ని చూసి 1947లో మాథ్యూస్ అనే ఆయన పెట్టిన పేరు, ఐస్‌లాండ్‌లో హెర్దుబ్రెయిద్ ఇంకా అందంగా ఉంటుంది. నీ లావా ఐడియా కరెక్ట్ అయ్యేది ఇలాంటి చోట. వీనస్ మీద పాన్‌కేక్ డోమ్స్ ఉన్నాయి, ఆల్ఫా రీజియో అనే ప్రాంతం పక్కన ఏడు వరసగా, సగటున 25 కిలోమీటర్ల వెడల్పు, ఎత్తు ఎక్కువలో ఎక్కువ 750 మీటర్లే, చిక్కటి లావా పెనం మీద ఊతప్పంలా పరుచుకుంది. మన సముద్రాల అడుగున గయో అనేవి ఉన్నాయి, ఒకప్పుడు దీవులు, అలలు నెత్తి నరికేశాక మునిగిపోయాయి. మార్స్ దక్షిణ ధ్రువం దగ్గరైతే మెసాలు రాయి కూడా కాదు, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్), కొన్ని మీటర్ల ఎత్తు, వాటి అంచులు ఒక్కో మార్స్ ఏడాదికి ఒకటి నుంచి మూడు మీటర్లు వెనక్కి జరుగుతుంటే ఆర్బిటర్ ఫొటోల్లోనే లెక్కపెట్టారు. మన కళ్ళ ముందే ఆవిరవుతున్న బల్లకొండ అన్నమాట.

జూపిటర్ చందమామ అయో మీద త్వష్టర్ మెన్సే ఉంది, మన వేదాల్లో ఇంద్రుడికి వజ్రాయుధం చేసిపెట్టిన త్వష్ట పేరు, అక్కడి అగ్నిపర్వతాలకి అగ్ని, కమ్మరం లాంటి దేవుళ్ళ పేర్లు పెడతారు కాబట్టి. అక్కడ గాలి దాదాపు లేదు, నీళ్ళు లేవు, అయినా అంచులు వంకర్లుగా తినేసినట్టు ఉన్నాయి, నేల కింద సల్ఫర్ డయాక్సైడ్ అంచుల నుంచి కారి ఆవిరై మట్టిని తినేస్తోందని ఒక ఆలోచన. పక్కనే ఉన్న బిలాల నుంచి 2007లో న్యూ హొరైజన్స్ అనే నౌక వెళ్తూ వెళ్తూ 300 కిలోమీటర్లకి పైగా లేచిన చిమ్ముడు ఫొటో తీసింది. మీ ఫ్రెండ్‌కి ఇది పంపు, గాలే కావాలని రూల్ ఏమీ లేదు.

ఇక "ఎవరో కోశారు" అనేదానికి పాత కథే. 1976 జులై 25న వైకింగ్ 1 తీసిన ఫొటోలో మార్స్ మీద సైడోనియా అనే చోట మనిషి ముఖం కనపడింది, దాని మీద పాతికేళ్ళు పుస్తకాలు అమ్ముకున్నారు. 1998లో, మళ్ళీ 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే ఆర్బిటర్ దగ్గరగా తీస్తే మూడు కిలోమీటర్ల అరిగిపోయిన మెసా. కన్ను అనుకున్నది నీడ.

నీడ అంటే గుర్తొచ్చింది, అసలు నీకు పనికొచ్చేది ఇదే. నేను పనిలో చేరిన కొత్తలో ఒక షీట్ నిండా ముప్పై పైన మెసాలు గుర్తుపెట్టి గర్వంగా చూపిస్తే మా సీనియర్ ఏమీ మాట్లాడకుండా ప్రింటౌట్ తలకిందులు చేసి నా ముందు పెట్టారు. సగం మెసాలు గుంటలైపోయాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా తినలేదు. జరిగేదేంటంటే మన మెదడు వెలుగు ఎప్పుడూ పైనుంచి వస్తుందనే అనుకుంటుంది. కానీ మార్స్ రికన్నయిసెన్స్ ఆర్బిటర్ తిరిగే దారి వల్ల అది నేలని చూసేది అక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, కాబట్టి ఉత్తరం పైకి పెట్టిన ఫొటోలో వెలుగు ఎడమ నుంచి వస్తుంది, 40 డిగ్రీల ఉత్తరాన చలికాలమైతే సూర్యుడు ఇంకా దక్షిణానికి ఒరిగి ఎడమ-కింద మూల నుంచి వస్తుంది. అంతే, కొండ గుంటలా, గుంట కొండలా కనిపిస్తుంది. డౌట్ వస్తే మోలా లేజర్ ఎత్తుల డేటా తెచ్చి చూసుకో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ జేమార్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఒక గీత గీస్తే ఎత్తుపల్లాల గ్రాఫ్ ఇచ్చేస్తుంది. ఇంకోటి, రంగురంగుల త్రీడీ వీడియోలు చూసి గోడలు ఎంత నిటారో అనుకోకు, చాలావాటిలో ఎత్తుని కావాలనే సాగదీస్తారు, కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, ఎవరూ చదవరు.

నీ మొదటి ఫొటోలో కూడా వెలుగు ఎడమ-కింద నుంచే వస్తోంది. పెద్ద సున్నాలు రెండూ కరెక్టే, వాటికి ఎడమ-కింద వైపు గోడ మెరుస్తోంది, కుచ్చిళ్ళు కూడా కనపడుతున్నాయి. మూడోది, ఆ చిన్నది, "అన్నా ఇది అన్నిటికన్నా పర్ఫెక్ట్ టేబుల్" అని రాశావు చూడు, దానికి ఎడమ-కింద అంచు చీకట్లో ఉంది, పైన కుడి అంచు మెరుస్తోంది. ఫోన్ తిప్పి చూడు, అది గుంట.